చెప్పుల కొట్లో వట్టికాళ్లు

ముందే చెప్పేస్తే గొడవుండదు. నేను పెంచి చెప్తాను. కావాలని కాదు, నోట్లోంచి బయటికొచ్చేలోపు మాట దానంతటదే పొంగుతుంది, పొయ్యి మీద పాలలాగా. ఓసారి వాగులో నేను పట్టిన చేప గురించి చెబుతుంటే మా ఆవిడ కాసేపు ఓపిగ్గా విని, "తల వంటింట్లోకి వచ్చింది సరే, తోక ఇంకా వీధిలోనే ఉందా? తలుపెయ్యాలి" అంది. అందుచేత కింద రాసినదాంట్లో మీకు ఎక్కడ అనుమానం వస్తే అక్కడ సగానికి కోసుకొని చదువుకోండి. అయితే పెంచడం వేరు, అల్లడం వేరు. ఇందులో ఒక్కచోట మాత్రం మొదలంటా అల్లేశాను. అదేదో చివర్లో ఒప్పుకుంటాను.

అరకులో సంతకి వెళ్లే దారిలో మాకొక దుకాణం ఉంది. ముందు సగం మా అప్పది, వెనక సగం నాది. మా విజయనగరం వైపు అక్కని అప్ప అంటాం. అప్పా బావా చెప్పులమ్ముతారు. నేను గొడుగులు, టార్చిలైట్లు, చేతిసంచులు అమ్ముతాను. వానలు పడ్డన్నాళ్లూ నేను మహారాజుని. వాన వెలిసిన మర్నాటి నుంచి అప్ప సామ్రాజ్యంలో సామంతుణ్ణి.

చెప్పులకొట్టు అంటే మామూలుది కాదు. నేల నుంచి కప్పు దాకా చెప్పులే. తాళ్లకి వేలాడే హవాయి చెప్పులు, అట్టపెట్టెల్లో బూట్లు, గోనెల్లో ప్లాస్టిక్ జోళ్లు. లోయలో ఉన్న జనమంతా జెర్రులైపోయి ఒక్కసారిగా వచ్చినా అందరికీ సరిపోతాయి. కానీ అన్ని చెప్పుల మధ్యా మేం ముగ్గురం మాత్రం వట్టికాళ్లతో తిరుగుతాం, మిఠాయి కొట్లో ఉపవాసం పట్టినవాళ్లలా. ఎందుకంటే కొట్లో గల్లాపెట్టె ఉంది. గల్లాపెట్టె ఉన్నచోట లక్ష్మీదేవి ఉంటుంది. ఆవిడ ఎదుట చెప్పులేసుకొని తిరిగితే ఊరుకుంటుందా? కొనడానికొచ్చినవాళ్లు తొడుక్కొని అటూ ఇటూ నడిచి చూసుకోవచ్చు, వాళ్లు అతిథులు. అమ్మేవాళ్లం మాత్రం మా చెప్పులు గుమ్మం బయట విడిచి రావాల్సిందే. తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి. చలికాలం పొద్దున్న మంచు కొట్టు లోపలిదాకా వచ్చి కూర్చున్నప్పుడు ఆ సిమెంటు నేల మీద అడుగు పెడితే, చల్లదనం అరికాల్లో ఎక్కి నడినెత్తిన దిగేది.

అప్ప మనుషుల మొహాలు చూడదు, కాళ్లు చూస్తుంది. "మొన్న ఎర్రచీర కట్టుకొని వచ్చినావిడ" అంటే గుర్తురాదు. "ఎడంకాలి రెండో వేలు బొటనవేలి మీదకెక్కింది, ఆవిడ" అంటే, "ఓ, ఆవిడా! కూతురికి బాలింతరాలి కాళ్లు ఉబ్బినాయి, ఒదులు జోడు పట్టుకెల్లింది" అని వంశవృక్షం విప్పుతుంది. శుక్రవారం సంతకి కొండల మీంచి వచ్చే ఆడవాళ్లు ఇంట్లో ఉండిపోయిన మనిషి కాలికి కొలతగా ఒక కొండచీపురు పుల్ల విరిచి కొంగున ముడేసి తెస్తారు. అప్ప ఆ పుల్ల పట్టుకొని అటూ ఇటూ తిప్పుతుంది.

"ఇది మీ ఆయన కాలు కాదే."

"మా ఆయనదే, సావుకారమ్మా. పుల్ల ఎండిపోయి కురసయిపోనాది."

"పుల్ల ఎండితే కురసవదు. విరిసినప్పుడు ఆయన నిద్దర్లో కాలు ముడుసుకోనుంటాడు. ఇదిగో, ఒక సైజు పెద్దది పట్టుకెల్లు. సిన్నదయితే కరిసేత్తాది."

ఆ పుల్లతో వచ్చినావిడ మాకు పాత ఖాతాదారు. అల్లం గంప దించి, చెప్పులు కొని, వాటిని గంపలోనే పెట్టుకొని, వట్టికాళ్లతోనే కొండెక్కిపోతుంది. ఊళ్లోకి వచ్చేటప్పుడు మాత్రం తొడుక్కుంటుంది. వెళ్తూ వెళ్తూ అప్ప కాళ్లకేసి చూసి నవ్వేది. ఆ నవ్వుకి అర్థం నాకు చాలాకాలం తరువాత గానీ తెలియలేదు.

ఇలా లోయలో ఉన్న కాళ్లన్నిటి జాతకం చెప్పే అప్పకి తన కాళ్ల సంగతి పట్టేది కాదు. షుగరొచ్చి ఏళ్లయింది. మాత్ర వేసుకుంటుంది, మర్చిపోతుంది. మడమల పగుళ్లు ఎలా ఉండేవంటే, వాటిల్లో మిరపనారు పోస్తే పొలం కొనక్కర్లేదు. చిటికెన వేలు పక్కన ఆనెకాయ ఒకటి. దాన్ని బావ గడ్డం గీసుకునే బ్లేడుతో చెక్కేవాడు, పెన్సిలు చెక్కినట్టు. బావ కాళ్లు ఇంకో తీరు. వానల్లో పెదబయలు సంతకి ప్లాస్టిక్ బూట్లేసుకొని పోయి, సాయంత్రానికి వేళ్ల సందులన్నీ నాని, తెల్లగా పాచిపోయి, రాత్రంతా గోక్కునేవాడు. నా సంగతి చెప్పాలంటే, పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వెయ్యగానే మడమలో ఎవరో సూది పెట్టి కుట్టినట్టుండేది. నేను వేసే కేకకి అనంతగిరి ఘాట్‌లో లారీలు బ్రేకులేసేవి. పది అడుగులు వేశాక తగ్గేది. తగ్గింది కదా అని వైద్యం ఇంట్లోనే: ఇటుక కాల్చి, దాని మీద జిల్లేడాకు పరిచి, మడమ ఆనించడం. చెప్పుల వ్యాపారం చేసే ఇంట్లో మూడు జతల కాళ్లు, సరైనది ఒక్కటీ లేదు.

అప్ప మధ్యలో కొన్నాళ్లు "కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయిరా, సీమలు పాకినట్టుంటంది" అనేది. తరువాత కొన్నాళ్లకి తిమ్మిరి పోయిందంది. మేం సంతోషించాం. పోయింది తిమ్మిరి కాదని, కాలు మాతో మాట్లాడ్డం మానేసిందని మాకేం తెలుసు?

ఒక గురువారం, సంతకి ముందురోజు, సరుకు సర్దుతున్నాం. కొట్లో ఎక్కణ్ణుంచో చప్పుడు మొదలైంది.

టిక్.

బావ తెగిన పట్టీలకి చిన్న చిన్న మేకులు కొడుతున్నాడు. తలెత్తి, "ఏటా సప్పుడు?" అన్నాడు.

"బల్లి," అంది అప్ప, గోనె విప్పుతూ.

బల్లి పలికితే, అప్పుడు ఎవరి నోట్లో ఏ మాటుంటే ఆ మాట నిజమవుతుందని మా ఇంట్లో గట్టి నమ్మకం. చప్పుడు వినగానే వేలితో నేల తట్టి "సత్యం" అనుకోవాలి. బావ పరీక్ష పెట్టాడు. "ఈ ఏడు టూరిస్టులు తెగ వత్తారు" అన్నాడు. అప్ప రెండడుగులు వేసి పెట్టె అందుకుంది. టిక్. "సత్యం!" అని బావ నేల తట్టాడు.

నాకూ ఉత్సాహం వచ్చింది. "ఈసారి వానలు దసరా దాకా పడతాయి" అన్నాను. టిక్. సత్యం. "ఎదురు కొట్టువాడు దివాలా తీత్తాడు" అంది అప్ప గుమ్మం వైపు నడుస్తూ. టిక్, టిక్, టిక్. అంత గట్టిగా ఒప్పుకునే బల్లిని మేమెప్పుడూ చూడలేదు. ఆ పూట మేం ముగ్గురం ఆ బల్లి చేత రాష్ట్రం భవిష్యత్తంతా ఖాయం చేయించేశాం. చివరికి అప్ప, "నా సుగరు కూడా తగ్గినట్టే ఉంది" అంటూ నా గొడుగుల వైపు వచ్చింది. టిక్.

"సత్యం" అన్నాం ముగ్గురమూ.

తరువాత అప్ప అలసిపోయి స్టూలు మీద కూర్చొని ఒక కాలు మోకాలి మీద వేసుకుంది. అరికాలు నా వైపుంది. మడమ మధ్యలో ఏదో తళుక్కుమంది.

"అప్పా, కాల్లో ఏటది?"

"ఏటి?"

"ఆ మెరిసేది."

అప్ప వంగి చూసుకుంది. బావ మేకుల డబ్బాలోంచి జారిన మేకు ఒకటి ఆ మడమలో తలదాకా దిగబడి ఉంది. అది సిమెంటుకి తగిలినప్పుడల్లా టిక్కుమంటోంది. మా బల్లి అదీ.

నా గుండె జారి గొడుగుల్లో పడింది. అప్ప మాత్రం ఆ కాలు పక్కింటివాళ్లదన్నట్టు చూస్తోంది. "ఓలమ్మ, సీల! ఎప్పుడు దిగిపోనాదో" అంది. బావ పట్టకారు తెచ్చి లాగాడు.

"నొప్పా?"

"నేదు."

"నిజంగా?"

"నేదంటే నేదు. బేగి కానియ్. ఇంకా రెండు గోనెలున్నాయి."

బావ మొహం వెలిగిపోయింది. "మీ అప్ప గట్టి మనిసి, బామ్మర్దీ" అన్నాడు నాతో. గాయం మీద పసుపద్దాం. నొప్పి లేదు కాబట్టి ప్రమాదం లేదని మా ముగ్గురి తీర్పు. మర్నాడు సంతంతా అప్ప ఆ కాలి మీదే నిలబడింది.

కొన్నాళ్లకి గాయం నుంచి నీరు కారడం మొదలైంది. అంచు నల్లబడింది. పాదం ఉబ్బి, ముట్టుకుంటే వేడిగా ఉంది. వాసన కూడా వచ్చింది. చెప్పుల కొట్లో రబ్బరు వాసనని దాటుకొని వచ్చిందంటే అదెంత వాసనో ఊహించుకోండి, ఇక్కడ నేనేం పెంచడం లేదు. ఊళ్లో ఆస్పత్రి డాక్టరు చూసి, సూది వేసి, కట్టు కట్టి, "విశాఖలో పాదాల డాక్టరుంటారు. ఇవాళే బయల్దేరండి. ఆలస్యం చేస్తే వేలో మడమో కాదు, కాలే పోవచ్చు" అన్నాడు.

బయటికొచ్చాక అప్ప, "సుక్కురవారం సంత అయిపోనిత్తే..." అని మొదలెట్టింది.

జీవితంలో గొంతు పెంచని మా బావ ఆస్పత్రి వరండా అదిరిపోయేలా అరిచాడు: "సంత నాను సూసుకుంటాను! నువ్వెల్లు!" ఆ దెబ్బకి అప్ప కంటే నేనే ముందు స్టేషన్లో ఉన్నాను.

మధ్యాహ్నం రైలెక్కాం. అరకు నుంచి దిగే ఆ రైలు కొండల కడుపులోంచి పోతుంది, సొరంగం తరువాత సొరంగం. సొరంగం వచ్చిన ప్రతిసారీ డబ్బాలో టూరిస్టు పిల్లలు ఈలలేస్తారు. మా అప్ప ఆ చీకట్లో జోకులేసింది. మొదటి సొరంగంలో, "ఒరే తమ్ముడా, కాలు తీసేత్తే నాకు ఒంటి సెప్పే కావాల. రెండోది ఎవులికి అమ్ముదుం?" అంది. రెండో దాంట్లో, "ఫరవానేదు, ఇంకో ఒంటికాలామెని ఎతికి సగం సగం పంచుకుంటాం. ఆవిడది కుడికాలయితే సాలు" అంది. మూడో దాంట్లో మా బావ మీద, నాలుగో దాంట్లో నా పొట్ట మీద. పక్కసీట్లో ముసలాయన నవ్వలేక దగ్గాడు. శృంగవరపుకోట వచ్చేసరికి మా డబ్బా అంతా అప్ప వెనకే నడవడానికి సిద్ధంగా ఉంది.

మర్నాడు పొద్దున్న పాదాల డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాం. ఆవిడ కట్టు విప్పి, గాయం చూసి, ఎక్స్‌రే ఫొటో తీయించి, చీము ఎముకకి ఇంకా పాకలేదంది. తరువాత గడ్డి పరకంత సన్నని నైలాను తీగ ఒకటి తీసింది.

"కళ్లు మూసుకోండమ్మా. ఇది కాలికి తగిలినప్పుడల్లా 'ఆఁ' అనండి."

అప్ప బుద్ధిగా కళ్లు మూసుకుంది. డాక్టరమ్మ బొటనవేలి కింద గుచ్చింది. చిటికెన వేలి కింద, పాదం మధ్య, మళ్లీ బొటనవేలు. రెండో కాలు కూడా. నేను చూస్తూనే ఉన్నాను. అప్ప కళ్లు మూసుకొనే, వినయంగా, "మొదలెట్టండమ్మా" అంది.

డాక్టరమ్మ తీగ బల్ల మీద పెట్టేసింది. "అయిపోయిందమ్మా" అంది.

అప్ప కళ్లు తెరిచి నా వైపు చూసింది. ఆ చూపుకి జోకు వెయ్యడం నాకు కూడా చేతకాలేదు.

"నొప్పి లేదని ఆగారు కదూ?" అంది డాక్టరమ్మ. "షుగరున్నవాళ్లకి నొప్పి లేకపోవడమే జబ్బు. కాల్లో నరాలు మొద్దుబారాయి. మేకు దిగినా తెలీదు, వేడినీళ్లు కాల్చినా తెలీదు. అందుకని నొప్పి చేసే పని కళ్లు చెయ్యాలి. రోజూ అరికాలు అద్దంలో చూసుకోండి. చెప్పులు తొడుక్కునే ముందు దులపండి. నీళ్లు చేత్తో చూశాకే కాలు పెట్టండి. వేళ్ల సందులు తడి లేకుండా తుడవండి. పగుళ్లకి నూనె రాయండి, వేళ్ల మధ్య మాత్రం వద్దు. ఆనెకాయని బ్లేడుతో కోసేదెవరు?"

"మా ఆయన."

"ఆయన్ని మానెయ్యమనండి."

"బ్లేడునా, నన్నా?"

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. అప్ప మళ్లీ అప్పయింది.

"చిన్న పుండైనా, బొబ్బైనా, ఎరుపో వాపో వేడో కనబడినా, రంగు మారినా, గోరు పక్కన చీము పట్టినా నొప్పి కోసం ఎదురు చూడకండి. ఆ రోజే రండి. ఇంక ముఖ్యమైనది. ఈ గాయం మానడానికి నెలలు పడుతుంది. మానినా సరే, ఇకమీద వట్టికాళ్లతో ఒక్క అడుగు వెయ్యడానికి వీల్లేదు. ఇంట్లో, వాకిట్లో, ఎక్కడైనా సరే. మళ్లీ ఇంకోటి గుచ్చుకుంటే కాలు దక్కుతుందని నేను చెప్పలేను. మంచి చెప్పులు కొనుక్కోగలరా? ఏం చేస్తుంటారు?"

అప్ప నేల చూపులు చూసింది. నేనే చెప్పాను. "చెప్పుల దుకాణమండీ."

డాక్టరమ్మ చేతిలో కలం కిందపడింది. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి బల్ల కిందికి దూరి చాలాసేపు ఆ కలం వెతికింది.

పైకి లేచాక, మందుల చీటీ అందుకోడానికి కుంటుతూ వెళ్లిన నా నడక మీద ఆవిడ చూపు పడింది. నా మడమ నొక్కింది. నా కేకకి బయట వరుసలో ఉన్న రోగులు ముగ్గురు తమకి నయమైపోయిందని ఇళ్లకెళ్లిపోయారు. అరికాలి నరం వాచిందేమో అనుకున్నాను గానీ, నరం కాదట, మడమ నుంచి వేళ్లదాకా సాగే పట్టీలాంటిది ఉంటుందట, అది బిగుసుకుందట. పలకలాంటి చెప్పులు మానెయ్యాలి, పిక్కలు సాగదీసే వ్యాయామం చెయ్యాలి. కొన్ని వారాల్లో తగ్గకపోతే మళ్లీ రమ్మంది. కాల్చిన ఇటుక గురించి చెప్తే, "మీరు చేస్తే చేసుకోండి గానీ, ఆవిడ ఉన్న ఇంట్లో ఆ ఇటుక ఉండకూడదు" అంది. అరకు తిరిగొచ్చిన రోజే ఆ ఇటుకని వాగులో పారేశాను. నీళ్లు ఇంకా ఆవిర్లు కక్కుతున్నాయి.

కొన్నాళ్లు విశాఖలో ఉండి, గాయం శుభ్రం చేయించుకొని, మందులతో, మెత్తటి అట్ట వేసిన ప్రత్యేకమైన చెప్పులతో తిరిగొచ్చాం. అసలు గొడవ అప్పుడు మొదలైంది. కొట్టు గుమ్మం దగ్గరికి రాగానే అప్ప ఆగిపోయి, ఆ చెప్పులు విడవబోయింది.

"ఏటి సేత్తన్నావు?" అన్నాడు బావ.

"లోపల గల్లాపెట్టుంది."

"డాక్టరమ్మ ఏటన్నాది?"

"డాక్టరమ్మకి గల్లాపెట్టె నేదా? ఆవిడా బయటే ఇడిసుంటాది."

బావ గల్లాపెట్టెనే ఎత్తి వెనక నా గొడుగుల గదిలో పెడతానన్నాడు. లక్ష్మిని గొడుగుల మధ్య దాస్తే వానాకాలం దాకా బయటికి రాదేమోనని అప్ప భయం. అయితే నువ్వు కొట్లోకే రాకు, ఇంట్లో కూర్చో అన్నాడు బావ. అప్ప గుమ్మం మెట్టు మీద కూర్చుండిపోయింది. కట్టు కట్టిన కాలు ముందుకి చాపుకొని, లోపల వేలాడుతున్న చెప్పులకేసి చూస్తోంది. కాళ్లు చూడకపోతే మా అప్ప బతకలేదు. కొట్లోకి వట్టికాళ్లతో వస్తే ఆ కాలు బతకదు.

అక్కణ్ణుంచే అడిగింది. "దసరాకి మనం కొట్లో దేనికి పూజ సేత్తాం?"

"గల్లాపెట్టికి. సుత్తికి. సరుక్కి" అన్నాను.

"సరుకంటే ఏటి?"

"చెప్పులు."

"అయితే లచ్మి ఎదురుగా సెప్పులుంటే ఆవిడికేటీ అబ్బెంతరం నేదు. ఈదిలో తిరిగొచ్చిన సెప్పులే పనికిరావు." లేచి నిలబడింది. "పసుపూ కుంకం అట్రా."

విశాఖ నుంచి తెచ్చిన జతలు రెండున్నాయి. ఒకటి వీధిది. కొత్తది ఇంకా పెట్టెలోనే ఉంది, నేల ముట్టలేదు. అప్ప ఆ పెట్టెని గల్లాపెట్టె పక్కన పెట్టి, రెండు చెప్పులకీ పసుపు రాసి బొట్టు పెట్టింది. హారతిచ్చింది. తరువాత గుమ్మంలో వీధి చెప్పులు విడుస్తూ, బావ పట్టుకున్న సరుకు చెప్పుల్లోకి నేల తగలకుండా కాలు మార్చింది. అవి ఇక గుమ్మం దాటవు. అందుచేత అవి సరుకు. సరుకుకి మైల లేదు. లక్ష్మీదేవి ఏమనుకుందో తెలీదు గానీ, ఆ క్షణంలో పైనుంచి అసలు బల్లి ఒకటి టిక్కుమంది. ముగ్గురం ఒక్కసారిగా అప్ప కాళ్లకేసి చూశాం.

శుక్రవారం మా పాత ఖాతాదారు అల్లం గంపతో వచ్చింది. ఎప్పటిలాగే అప్ప కాళ్లకేసి చూసి, కళ్లు పెద్దవి చేసి, చుట్టూ ఉన్నవాళ్లకి వినబడేలా అంది: "ఇన్నాళ్లకి సావుకారమ్మ ఏసుకున్నాది! ఈ సెప్పులు మంచివి కావేమో, అందుకే ఈలేసుకోరని మేం అనుకునేవోలం."

ఆ రోజు అమ్మినన్ని చెప్పులు మా కొట్టు పుట్టిన తరువాత అమ్మలేదు. గాయం వేసవికి మానింది. మడమ మీద మేకు తల పట్టేంత మచ్చ మిగిలింది. బావ రోజూ సాయంత్రం అద్దం పట్టుకొని ఆ అరికాలు చూస్తాడు, పెళ్లిచూపుల్లో కూడా అంత శ్రద్ధగా చూడలేదని అప్ప అంటుంది.

ఇక మాట ఇచ్చాను కాబట్టి ఒప్పుకుంటాను. మేకు నిజం. బల్లి, సత్యం, పసుపు రాసిన చెప్పులు అన్నీ నిజం. రోగుల్ని ముగ్గుర్నే ఇంటికి పంపాను, అది నా దృష్టిలో పెంచడం కాదు. నేను అల్లింది రైల్లో జోకులు. అప్ప ఒక్కటీ వెయ్యలేదు. ఒంటి చెప్పు మాట, సగం సగం పంచుకునే మాట నేను తరువాత కూర్చొని రాసుకున్నవి. అరకు నుంచి శృంగవరపుకోట దాకా అప్ప నోరు విప్పలేదు. సొరంగం రాగానే, పిల్లలు ఈలలు వేస్తుంటే, చీకట్లో నా చిటికెన వేలు పట్టుకునేది. వెలుతురు రాగానే వదిలేసి, కొంగు సర్దుకొని, కిటికీలోంచి చూసేది. ఆ దారిలో సొరంగాలు చాలా ఉన్నాయి. అన్నింట్లోనూ పట్టుకుంది.